లేదు, లేదు, ఉంది, లేదు, ఉంది, లేదు

సంపాదకుల వారికి,

నమస్కారం. మొన్న మీ విద్యార్థుల పేజీలో సీ లాంగ్వేజ్ ప్రశ్నల్లో 'స్ట్రింగ్‌లో ఇచ్చిన అక్షరం ఉందో లేదో కనుక్కునే ప్రోగ్రామ్ రాయండి' అని ఒకటి వేసి (స్ట్రింగ్ అంటే వరసగా పేర్చిన అక్షరాలు), కిందే జవాబు కూడా ఇచ్చారు. మా అబ్బాయి దాన్ని ఉన్నదున్నట్టు టైప్ చేసి, కాసేపటికి 'నాన్నా, ఇదేంటి ఇలా వాగుతోంది' అని పిలిచాడు. ఇంగ్లిష్‌లో బనానా అని ఇచ్చి 'ఎన్' వెతకమన్నాడట. స్క్రీన్ మీద వరసగా ఆరు లైన్లు: లేదు, లేదు, ఉంది, లేదు, ఉంది, లేదు. మరి ఉన్నట్టా, లేనట్టా?

తప్పు చిన్నదే. అక్షరం కలవనప్పుడు 'లేదు' అని ప్రింట్ చేసే ఎల్స్ భాగాన్ని, ఒక్కో అక్షరాన్నీ వరసగా చూసే లూప్ లోపల పెట్టేశారు. తాళంచెవి వెతుకుతూ ఒక్కో జేబూ తడిమినప్పుడల్లా ఇల్లంతా వినపడేలా 'లేదు' అని అరిచినట్టుంది. ఉందని చెప్పడానికి ఒకటి దొరికితే చాలు, అక్కడితో బ్రేక్ వేసి బయటికి వచ్చేయొచ్చు, కానీ లేదని చెప్పాలంటే చివరి అక్షరం దాకా చూసి తీరాలి, కాబట్టి ఆ మాట లూప్ అయ్యాకే రావాలి. ఈ ప్రశ్నలో పిల్లలు నేర్చుకోవాల్సింది ప్రధానంగా ఇదే, మీ జవాబు సరిగ్గా దాన్నే తిరగేసింది.

చివర ఎక్కడో ప్రోగ్రామ్‌కి ఎలా తెలుస్తుందన్నది ఇంకో సంగతి. సీలో స్ట్రింగ్ తన పొడవును ఎక్కడా రాసి పెట్టుకోదు, ఆఖరి అక్షరం తర్వాత విలువ సున్నాగా ఉండే నల్ క్యారెక్టర్ ఒకటి ఉంటుంది, అదే హద్దు. బనానాకి అక్షరాలు ఆరు, మెమరీలో పట్టే గళ్లు ఏడు. పొడవు చెప్పే ఎస్‌టీఆర్‌లెన్ కూడా మొదటి నుంచి ఆ నల్ దాకా నడిచి లెక్కపెట్టేదే. దాన్ని మీరు లూప్ షరతులో పెట్టారు. అంటే ప్రతి చుట్టుకీ మళ్లీ మొదటి నుంచి కొలత, వెయ్యి అక్షరాలుంటే దాదాపు 10 లక్షల అడుగులు (ప్రోగ్రామ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ దయతలిచి సర్దితే వేరే మాట). నల్ వచ్చిందా అని చూసుకుంటూ వెళ్తే వెయ్యితో పోతుంది.

ఇన్‌పుట్ కోసం, టైప్ చేసిన లైన్‌ని చదివే గెట్స్ ఫంక్షన్ వాడటం చూసి మాత్రం నిజంగా కోపం వచ్చింది. మనం కేటాయించిన చోటు ఎంతో ఆ ఫంక్షన్‌కి తెలియదు, చోటు దాటి పక్క మెమరీ మీద పడినా టైప్ చేసినంతా లోపలికి కుక్కేస్తుంది. 1988 నవంబర్‌లో ఇంటర్నెట్‌ని కుదిపేసిన మోరిస్ వార్మ్ (తనంతట తానే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పాకిన ప్రోగ్రామ్) వాడుకున్న దారుల్లో ఇదీ ఒకటి. సీ భాష 2011 ప్రమాణంలో దీన్ని భాష నుంచే తీసేశారు. ఇంకా పిల్లలకు ఇదే చూపిస్తున్నాం!

బదులుగా ఎఫ్‌గెట్స్ చెప్పండి. అదైతే ఎన్ని అక్షరాల దాకా తీసుకోవాలో అడుగుతుంది. ఒక చిక్కుంది, మనం ఎంటర్ నొక్కిన గుర్తును కూడా స్ట్రింగ్‌లోనే వదిలేస్తుంది. అక్కడే ఎస్‌టీఆర్‌సీహెచ్ఆర్ అక్కరకొస్తుంది. స్ట్రింగ్‌నీ, అక్షరాన్నీ ఇస్తే ఆ అక్షరం మొదటిసారి కనిపించిన చోటికి పాయింటర్ (ఆ చోటు మెమరీ చిరునామా) ఇస్తుంది, లేకపోతే ఎక్కడికీ చూపని నల్ పాయింటర్ ఇస్తుంది (ఇందాకటి నల్ క్యారెక్టర్ వేరు). ఎంటర్ గుర్తును దాంతో వెతికి, దొరికిన చోట నల్ క్యారెక్టర్ పెట్టేస్తే లైన్ శుభ్రం. దొరకలేదంటే సాధారణంగా లైన్ మనం ఇచ్చిన చోటులో పట్టలేదని, మిగతాది ఇంకా బయటే ఉందని అర్థం.

ఎన్నో స్థానమో కావాలంటే వచ్చిన పాయింటర్ లోంచి స్ట్రింగ్ మొదలును తీసేస్తే చాలు. బనానాలో ఎన్‌కి 2 వస్తుంది, లెక్క సున్నా నుంచి కాబట్టి. కానీ తీసేసే ముందు అది నల్ పాయింటర్ కాదని చూసుకోవాలి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న పాఠం. ఒకప్పుడు పనిచేసిన చోట ఈమెయిల్ అడ్రస్‌లలో 'ఎట్' గుర్తు వెతికి, దాని ముందున్న పేరు విడదీసే ప్రోగ్రామ్ రాశాను. అడ్రస్ అన్నాక ఆ గుర్తు ఉండదా అనుకుని చెక్ పెట్టలేదు. ఎవరో ఆ గడిలో ఫోన్ నంబర్ రాశారు. అర్ధరాత్రి ప్రోగ్రామ్ కుప్పకూలింది, నా నిద్రా పోయింది.

ఇంకో మాట, తెలుగు అక్షరాలతో ఈ పద్ధతి పనిచేయదు. అక్షరాలను కంప్యూటర్‌లో బైట్లుగా దాచే యూటీఎఫ్-8 విధానంలో మన 'అ' ఒక్కటే మూడు బైట్లు, 'అమ్మ' మొత్తం పన్నెండు. ఎస్‌టీఆర్‌సీహెచ్ఆర్ చూసేది ఒక్కో బైటునే. తెలుగులో వెతకాలంటే అక్షరాన్నే చిన్న స్ట్రింగ్‌గా రాసి, స్ట్రింగ్‌లో స్ట్రింగ్‌ని వెతికే ఎస్‌టీఆర్‌ఎస్‌టీఆర్‌కి ఇవ్వాలి. అప్పుడు కూడా 'క' వెతికితే 'కి' దగ్గర దొరికిందంటుంది, ఎందుకంటే 'కి' లోపల ఉన్నది 'క', దాని పక్కన గుడి.

దయచేసి సవరణ వేయండి. వేసేటప్పుడు ప్రోగ్రామ్‌ను డీటీపీ తర్వాత ఎవరైనా ఒకసారి చదవాలి. పోయినసారి కోట్ గుర్తులు వంకరగా పడ్డాయి, అలాగే కాపీ చేస్తే కంపైల్ కాదు. ప్రోగ్రామ్‌లో '\0' అని రాసే నల్ క్యారెక్టర్‌లో సున్నా ముందుండే ఏటవాలు గీత ఎగిరిపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే కంపైలర్ నోరెత్తదు, లూప్ మాత్రం హద్దు దాటి అంకె సున్నా కోసం ముందుకు పోతూనే ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు