కాయ రేటు రోజూ అడుగుతాం, లోను రేటు అడగం

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది ముమ్మిడివరం దగ్గర ఊరు, కొబ్బరికాయల వ్యాపారం. పొద్దున్నే అంబాజీపేటకి ఫోన్ కొట్టి ఇవాళ కాయ ఎంత పలుకుతుందో అడగందే నాకు టీ గొంతు దిగదు. అలాంటోడిని, 2019లో తీసుకున్న ఇంటి లోనుకి వడ్డీ ఎంత పడుతుందో ఆరేళ్లు అడగలేదు. నన్నేమనాలో మీరే చెప్పండి.

అడిగించింది మా తమ్ముడండి. వాడు కెనడాలో బ్రాంప్టన్‌లో ఉంటాడు. అక్కడ లోను పాతికేళ్లదైనా రేటు మాత్రం ఎక్కువమంది ఐదేళ్లకే మాట్లాడుకుంటారంట, అది అవగానే రెన్యువల్, గడువుకి కనీసం 21 రోజుల ముందే బ్యాంకు కొత్త రేటు వేసి కాగితం పంపాలంట, నచ్చకపోతే ఇంకో బ్యాంకుకి పోవడమే. మధ్యలో మారితే మాత్రం పెనాల్టీ బాగా పీకుతారంట, అందులో మనమే నయం, ఫ్లోటింగ్ రేటు, అంటే మధ్యలో పెరుగుతూ తగ్గుతూ ఉండే వడ్డీ ఇంటి లోను ముందే తీర్చేస్తే మన దగ్గర పెనాల్టీ లేదు, ఆ రూల్ వచ్చి పదేళ్లు దాటింది. "అన్నయ్యా, నీ రెన్యువల్ ఎప్పుడు" అన్నాడు. మనకి రెన్యువల్ ఏంట్రా, ఇరవై ఏళ్లకీ ఒకటే సంతకం అన్నాను.

అన్నానేగానీ ఆ రాత్రి స్టేట్‌మెంట్ తీసి చూశాను. 9.25 శాతం! ఆర్‌బీఐ 2025లో నాలుగుసార్లు రెపో రేటు, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ, తగ్గించి 6.50 నుంచి 5.25కి తెచ్చింది కదా, మరి నా వాటా ఏదండి? ఆరా తీస్తే తెలిసిందేంటంటే, 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ ఇంటి లోన్లు రెపో లాంటి బయటి రేటుకి ముడిపెట్టాలి, మూడు నెలలకోసారైనా సరిచేయాలి, నాదేమో హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ లోను, వాళ్లకి ఆ రూల్ లేదు, వాళ్ల రేటు వాళ్లిష్టం. 2022లో రేట్లు పెరిగినప్పుడు మాత్రం చక్కగా పెంచేసుకున్నారు, ఈఎంఐ కదపకుండా నెలలు సాగదీశారు కాబట్టి నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

బాకీ ఇంకా 20 లక్షలు, 15 ఏళ్లు. అమలాపురంలో ఒక బ్యాంకులో అడిగితే 7.75కి ఇస్తామన్నారు. ఈఎంఐ 20,584 నుంచి 18,826కి దిగుతుంది, అంటే నెలకి 1,750 పైనే, 15 ఏళ్లకి 3 లక్షలు దాటిపోయింది. ప్రాసెసింగ్ ఫీజు, లాయరు, వాల్యుయేషను, మళ్లీ తనఖా రాయించే ఖర్చు తీసేసినా గిట్టుబాటే.

ఇక్కడ అసలు తమాషా. పాత కంపెనీకి వెళ్లి ఫోర్‌క్లోజర్ లెటర్, అంటే లోను మొత్తం తీర్చేయడానికి ఎంత కట్టాలో రాసిచ్చే కాగితం, అడిగానండి, ఆరేళ్లలో ఈఎంఐ బౌన్సయిన ఒక్క రోజు తప్ప ఎప్పుడూ ఫోన్ చేయనోళ్లు సాయంత్రానికల్లా మూడుసార్లు చేశారు, "సార్ మీరు పాత కస్టమరు, ఎందుకు వెళ్లిపోతారు, కన్వర్షన్ ఫీజు కట్టండి, రేటు తగ్గించేస్తాం" అని. తగ్గించే వీలుంటే మొన్నటిదాకా ఏం చేశారండి అంటే అవతల మాట లేదు. కొత్తగా వచ్చేవాడికి తక్కువ, నమ్మకంగా కట్టేవాడికి ఎక్కువ! మా యాపారంలో పాత ఖాతాదారుకి ఇలా చేస్తే మర్నాడు కొట్టు మూసుకోవాలి.

ఇంతకీ నేనింకా మారలేదు. మా నాన్న కొన్న స్థలం లింకు డాక్యుమెంటు, అంటే ఆ స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజు, 96 తుఫానులో ట్రంకుపెట్టెతో సహా తడిసింది, చేతిరాత దస్తావేజు, రెండో పేజీలో సిరా కరిగి హద్దులు రాసినచోట నీలం మరక తప్ప ఏమీ లేదు. పాత కంపెనీ దాంతోనే లోను ఇచ్చింది. కొత్త బ్యాంకు లాయరు గారు మాత్రం ఆ జెరాక్సు కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి నకలు తెమ్మన్నారు. ఆయన్ని తప్పు పట్టను. ఆ నకలు కోసమే తిరుగుతున్నాను.

మీ పేపరు చదివే తోటివాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, లోను పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు తిరిగివ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మనకి కట్టాలి, 2023 డిసెంబర్ 1 నుంచి ఆర్‌బీఐ పెట్టిన రూలు ఇది. తనఖా పెట్టిన కాగితాల లిస్టు వాళ్ల స్టాంపుతో ముందే తీసుకుని ఉంచుకోండి.

ఆర్‌బీఐ వారిని నేను అడిగేది ఒకటేనండి. ఏటా ఒకసారి ప్రతి లోనుదారుకీ తెలుగులో ఒక కాగితం పంపించండి, అందులో నా రేటెంత, ఇవాళ అదే లోను కొత్తవాడికి ఏ రేటుకి ఇస్తున్నారు, ఈ రెండు అంకెలూ పక్కపక్కన వేయించండి.

ఇట్లు
ముమ్మిడివరం నుంచి మీ పాఠకుడు