వేలు తీయగానే వెళ్లిపోతున్న దరఖాస్తు

సంపాదకులకు,

అయ్యా,

దేవరకొండలో పన్నెండేళ్లుగా రైతులకు, పింఛనుదారులకు దరఖాస్తులు టైపు చేసి ఇస్తున్నాను. కొద్ది నెలలుగా మేము వాడుతున్న ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో తెలుగు పేరు కొట్టగానే, మిగతా గడులు నింపకముందే, దరఖాస్తు నమోదైపోతోంది. డిగ్రీలో చదివిన జావా (ప్రోగ్రాంలు రాసే భాష) పాఠాలు మళ్లీ తిరగేశాక కారణం బోధపడింది.

అక్షరమున్న మీటను ఒకసారి నొక్కితే ప్రోగ్రాంకు మూడు కబుర్లు (వీటినే ఘటనలంటారు) అందుతాయి: మీట నొక్కారని, అక్షరం వచ్చిందని, మీట వదిలారని. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు పదాలు సూచించే ఫొనెటిక్ కీబోర్డుతో ‘యాదయ్య’ అని రాసేటప్పుడు సూచనల్లోని సరైన రూపాన్ని మేము ఎంటర్‌తో ఎంచుకుంటాం. విండోస్‌లో ప్రతి మీటకూ ఒక సంఖ్య ఉంటుంది. ఆ నొక్కుడు ఫొనెటిక్ కీబోర్డు కోసం కనుక విండోస్ మా ప్రోగ్రాంకు ఎంటర్ సంఖ్యయైన 13ను ఇవ్వకుండా, ఈ నొక్కుడు నీది కాదని తెలిపే 229ని ఇస్తుంది. కానీ వేలు తీసినప్పుడు మాత్రం 13 అందుతుంది. నమోదు చేసే పనిని ఎంటర్ మీట వదిలే ఘటనకు ముడిపెట్టినందువల్ల, పేరు కుదురుకున్న క్షణంలోనే, తండ్రి పేరూ సర్వే నంబరూ లేకుండానే కాగితం వెళ్లిపోతోంది. అలా వెళ్లినదాన్ని సరిచేయించుకోవడానికి చందంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మరుసటి రోజు మళ్లీ బస్సెక్కి రావలసి వచ్చింది. ఇంగ్లిషులో మాత్రమే టైపు చేసి పరీక్షించినవారికి ఈ లోపం ఎన్నటికీ కనబడదు.

సర్వే నంబరు గడిలోనూ ఇదే తీరు. అంకెలే పడాలని పై వరుసలోని అంకెల మీటల సంఖ్యలైన 48 నుంచి 57 వరకే అనుమతి ఇచ్చారు. కుడివైపు అంకెల మీటల సంఖ్యలు 96 నుంచి 105 వరకు కనుక అవి పనిచేయవు, షిఫ్ట్ పట్టి 4 నొక్కితే మీట సంఖ్య మారదు కనుక డాలరు గుర్తు మాత్రం నిక్షేపంగా పడుతుంది. మౌస్‌తో అతికించిన పాఠ్యానికైతే మీటల ఘటనే ఉండదు. గడిలోకి చేరుతున్న పాఠ్యాన్ని పరిశీలించాలే గాని మీటలను కాదు. కిటికీలు, గడులు తయారుచేసే జావా స్వింగ్‌లో, గడిలోకి చేరే పాఠ్యాన్ని వడకట్టే డాక్యుమెంట్ ఫిల్టర్ ఉన్నది ఇందుకే.

నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల ప్రయోగశాలల్లో కీబోర్డు ఘటనల పాఠాన్ని తెలుగు టైపింగ్‌తో కూడా చేయించాలని అధ్యాపకులను కోరుతున్నాను. అలాగే ప్రజలు వాడే ప్రోగ్రాంలను స్వీకరించే అధికారులు, సంతకం చేసే ముందు, రోజూ తెలుగులో టైపు చేసే ఒక ఆపరేటరును కూర్చోబెట్టి కనీసం పది దరఖాస్తులు నింపించి చూడాలని మనవి.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా