యానాం ఓటుకు పూర్తి విలువ ఇవ్వండి: కేంద్ర హోంశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోంశాఖ మంత్రి గారికి,

1963 నాటి కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం మూడో సెక్షన్ ప్రకారం పుదుచ్చేరి శాసనసభకు జనం 30 మందిని ఎన్నుకుంటారు, కేంద్రం మరో ముగ్గురిని నామినేట్ చేయవచ్చు. యానాం మొత్తానికి ఉన్నది ఒక్క ఎమ్మెల్యే. పుదుచ్చేరిలోనే భాగమైన మాహేకీ ఒక్కరే. ఎవరూ ఓటేయని ఆ ముగ్గురి బలం ఈ రెండు ప్రాంతాలనూ మించిపోతోంది.

2021 ఫిబ్రవరి 22న పుదుచ్చేరి ముఖ్యమంత్రి నారాయణస్వామి ప్రభుత్వం బలపరీక్షకు వచ్చినప్పుడు, రాజీనామాలు, ఒక అనర్హత వేటు పోగా సభలో మిగిలింది 26 మంది. స్పీకర్‌తో కలిపి అధికార పక్షం 12, ప్రతిపక్షం 14. ఆ 14లో ముగ్గురు నామినేటెడ్ సభ్యులే. వాళ్లను పక్కన పెడితే ప్రతిపక్షానికి 11 మందే. ఏ పార్టీ పడిపోయిందన్నది మాకు ముఖ్యం కాదు, రేపు ఇంకో పార్టీకీ ఇదే గతి పట్టవచ్చు. నామినేటెడ్ సభ్యులకు ఓటు హక్కు ఉందని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది, ఇక చట్టం మార్చాల్సింది పార్లమెంటే. రాష్ట్రపతి ఎన్నికలో, రాజ్యసభ ఎన్నికలో ఓటు లేని ఈ సభ్యులకు ప్రభుత్వాన్ని పడగొట్టే ఓటు ఎందుకుండాలి?

డబ్బు సంగతీ ఇంతే. జీఎస్టీకి పుదుచ్చేరిని రాష్ట్రంగానే లెక్కిస్తారు. కేంద్ర పన్నుల్లో వాటా దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాష్ట్రం కాదంటారు. యానాం వంతెన దాటితే వచ్చే ఎదుర్లంక ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు ఆర్థిక సంఘం సిఫార్సు మేరకు వాటా అందుతుంది. పుదుచ్చేరి ఏటా కేంద్రం ఇచ్చే గ్రాంటు కోసం ఎదురుచూడాలి, బడ్జెట్‌కూ ముందుగా ఢిల్లీ అనుమతి తెచ్చుకోవాలి. మంత్రివర్గానికీ లెఫ్టినెంట్ గవర్నర్‌కూ పొసగకపోతే ఫైలు రాష్ట్రపతికి వెళ్తుంది. అత్యవసరమనుకుంటే, ఆ నిర్ణయం వచ్చేలోగా గవర్నర్ మాటే చెల్లుతుంది.

శాసనసభ రాష్ట్ర హోదా తీర్మానాలు ఎన్నోసార్లు పంపింది. రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటులో సాధారణ మెజారిటీతో బిల్లు నెగ్గితే చాలు. ఇదే 1963 చట్టం కింద ఉండిన గోవా 1987 మే 30న రాష్ట్రమైంది.

ఆ బిల్లులో యానాంను మరవకండి. ప్రజాభిప్రాయం తెలుసుకున్నాకే ఇక్కడి హోదా మార్చాలని ఫ్రాన్స్‌తో 1956లో చేసుకున్న ఒప్పందంలో రెండో అధికరణం చెబుతోంది. యానాం సీటుకు, కార్యాలయాల్లో తెలుగుకు బిల్లులోనే రక్షణ రాయండి. హోదాకు సమయం పడుతుందంటే, ఈలోగా 1963 చట్టం మూడో సెక్షన్‌ను సవరించి, విశ్వాస పరీక్షలో, బడ్జెట్‌పై నామినేటెడ్ సభ్యుల ఓటును తొలగించండి.

ఇట్లు,
యానాం ఓటర్లు