అవే ప్రశ్నలు అడుగుతూ విద్యార్థులను నిందించడమా?

సంపాదకులకు నమస్కారం.

వైద్య విద్యార్థులు పాఠ్యపుస్తకాలు పక్కనబెట్టి పాత ప్రశ్నపత్రాలతో గట్టెక్కుతున్నారంటూ గత వారం మీ పత్రికలో వచ్చిన కథనాన్ని, దానిపై వెలువడిన లేఖలను చదివాను. అందరూ పిల్లలనే తప్పుపట్టారు. చాలాకాలం వైద్యవిద్య బోధించి రిటైరైన నాకు ఆ తీర్పు అన్యాయంగా తోచింది.

పుస్తకం మూసి, పాత ప్రశ్నను ముందు పెట్టుకుని జ్ఞాపకం నుంచి జవాబు రాబట్టుకోవడం మంచి చదువే. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఐదు నిమిషాలకే అడిగినప్పుడు మళ్లీ మళ్లీ చదివినవారు ముందున్నా, వారం తర్వాత అడిగితే తమను తాము పరీక్షించుకున్నవారే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. ఈ పద్ధతిని తరగతిలో మేమే నేర్పి ఉండవలసింది.

కళాశాలల చుట్టుపక్కల జిరాక్స్ దుకాణాల్లో అమ్మే స్పైరల్ బైండింగ్ కట్టల సంగతి వేరు. ప్రతి ప్రశ్న పక్కనా అది వచ్చిన సంవత్సరాలు వేసి, తరచుగా వచ్చినదానికి మూడు నక్షత్రాలు పెట్టి, కిందనే అరపేజీ జవాబు అచ్చువేస్తారు. ఇక విద్యార్థి ఆలోచించడానికి ఏం మిగిలింది? టైఫాయిడ్‌లో మూడో వారం పేగుకు రంధ్రం పడవచ్చునని పరీక్షలో తడుముకోకుండా రాసినవారే, అన్నాళ్లుగా జ్వరంతో ఉన్న రోగి హఠాత్తుగా కడుపునొప్పి వచ్చి కదలకుండా పడుకుంటే, పొట్ట మీద చెయ్యి వేసి చూడాలని తోచక కేస్‌షీటు తిరగేస్తూ నిలబడటం నేను కళ్లారా చూశాను. ఆ ప్రశ్నను ఆ రోగి రూపంలోనే పరీక్షలో అడిగి ఉంటే ఏ కట్టా అక్కరకు వచ్చేది కాదు. ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు తిప్పి తిప్పి ఇచ్చేవారిని వదిలేసి, వాటికి సిద్ధమైనవారిని దోషులుగా నిలబెట్టడం ఏం న్యాయం?

విద్యార్థికి ఏం తెలుసన్నదే కాక ఏం చేయగలడన్నదీ చూడాలనే సామర్థ్యాల ఆధారిత వైద్య పాఠ్యప్రణాళిక 2019లో వచ్చింది. వైద్యవిద్యను నియంత్రించే భారత వైద్య మండలి స్థానంలో 2020లో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. 1986లో విజయవాడలో నెలకొల్పిన మన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో పేరు మారింది, 2024లో మళ్లీ పాత పేరే వచ్చింది. బోర్డులు, ముద్రలు మార్చడంలో ప్రభుత్వాలు చూపిన పట్టుదల, ప్రశ్నలు కూర్చే అధ్యాపకులకు శిక్షణ ఇప్పించడంలో నాకు కనిపించలేదు. మనవాళ్లకు పేర్ల మీద ఉన్న శ్రద్ధ పని మీద లేకపోవడం ఒక్క వైద్యవిద్యకే పరిమితమా!

గత పదేళ్ల ప్రశ్నపత్రాలను, మార్కులు వేసే విధానంతో సహా, విద్యార్థులందరికీ ఉచితంగా ఇవ్వాలి. సీనియర్ల పరిచయం ఉన్న హాస్టల్ పిల్లలకు దొరికేది, రోజూ ఊరి నుంచి బస్సులో వచ్చే పిల్లకూ దొరకాలి. కనీసం సగం ప్రశ్నలు రోగి లక్షణాలు చెప్పి, ఏం చేస్తావని అడిగేవిగా ఉండాలి. వచ్చే వార్షిక పరీక్షల నాటికి ఇందులో ఏది చేయగలరో అధికారులు మీ పత్రిక ద్వారానే చెప్పాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత వైద్య అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు