జీవాల పెంపకందారుల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది మందు కుక్కలకి

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి సంఘం డబ్బు, సమయం ఎక్కువగా కుక్కల మీదే పెట్టాం. గొర్రెల సంఘానికి కుక్కలతో ఏం పని అని కొందరు నవ్వారు, అందుకే ముందు ఆ సంగతే చెబుతున్నాం.

మందలో ఒక గొర్రె తల పక్కకి వాల్చి ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ, ఒక కన్ను కనపడక, మంద నుంచి విడిపోయి నిలబడిందంటే మెదడులో నీటితిత్తి ఉందేమో అనుకోవాలి. టీనియా మల్టిసెప్స్ అనే బద్దెపురుగు పిల్లదశే ఆ తిత్తి. పెద్ద పురుగు ఉండేది కుక్క పేగులో, దాని గుడ్లు మలంతో బయటపడి గడ్డికి అంటుకుంటాయి, గొర్రె మేస్తే పిల్లపురుగు రక్తం ద్వారా మెదడుకో వెన్నుపాముకో చేరి 6 నుంచి 8 నెలలు మెల్లగా పెరుగుతుంది. ఆ గొర్రె చచ్చాక తలకాయ కుక్కకి వేస్తే అంతా మళ్లీ మొదలు.

కాబట్టి మంద కుక్కలకి 6 నుంచి 8 వారాలకోసారి ప్రాజిక్వాంటెల్, కిలో బరువుకి 5 మిల్లీగ్రాముల చొప్పున వేయించాం. ఈ మందు పురుగుని చంపుతుంది గానీ గుడ్లని చంపదు, అందుకే మాత్ర వేశాక ఒకటి రెండు రోజులు కుక్కని కట్టేసి దాని మలం పాతిపెట్టమన్నాం. మాత్రల పని బాగానే నడిచింది. తలకాయలు కాల్చడమో లోతుగా పాతడమో మాత్రం సగంలోనే ఉంది, నిజానికి అసలు పని అదే.

తిత్తి పెరిగాక మందుతో నయమవుతుందని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకండి. పుర్రె మెత్తబడి, తిత్తి పైపైనే ఉంటే డాక్టర్ ఆపరేషన్ చేసి తీయగలరు, లోతుగా ఉంటే కష్టం.

అవగాహన సమావేశాల్లో ఎక్కువ చర్చ జరిగింది వేరే విషయం మీద. తిరిగే ప్రతి గొర్రెకీ తిత్తే ఉండదు. చెవి, కనురెప్ప ఒక పక్కే వాలిపోయి చొంగ కారుతుంటే అది లిస్టీరియా కావచ్చు, పాడైన సైలేజ్ (పాతరేసి పులియబెట్టిన పచ్చిమేత) తిన్న మందల్లో ఎక్కువ, అది బ్యాక్టీరియా జబ్బు కాబట్టి తొందరగా యాంటీబయాటిక్ పడాలి. తుమ్ముతూ, ముక్కు కారుతూ తల విదిలిస్తుంటే ముక్కుపురుగులు. మేక వెనక కాళ్లు ఈడుస్తుంటే సెటేరియా పురుగు వెన్నుపాములో పడి ఉండొచ్చు. ఈ పురుగు పశువుల పొట్టలో పెద్దగా హాని చేయకుండా బతుకుతుంది, దోమ దాని పిల్లపురుగుల్ని మేకకి ఎక్కిస్తే అవి దారి తప్పి నరాల్లోకి పోతాయి. పశువుల పాకకీ మేకల దొడ్డికీ దూరం పెంచమని, దోమల్ని తగ్గించమని చెప్పింది అందుకే.

ఇంకొకటి, నరాల జబ్బు లక్షణాలున్న ఏ జీవం నోట్లోనూ ఉత్త చేతులు పెట్టొద్దు. అది రేబీస్ కాదని డాక్టర్ తేల్చేదాకా ఆగండి.

వచ్చే ఏడాదికి మిగిలిన చిక్కు ఎవరూ పెంచని వీధికుక్కలు. వాటికి మాత్ర ఎవరు వేయాలి, ఖర్చు ఎవరిదన్నది కమిటీలో తేలలేదు, వచ్చే సమావేశంలో మొదట దీన్నే చర్చకి పెడతాం.