ఆదివారం, సీ షిఫ్టు

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

వందనాలు. నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది, తిట్టుకుంటూ ఉంటావు. ఈ వారమంతా స్టీలు ప్లాంటులో సీ షిఫ్టురా. రాత్రి పదికి ఎక్కితే పొద్దున్న ఆరుకి దిగడం.

ఇవాళ గాజువాకలో బస్సు దిగి, మొహం కడుక్కుని తిన్నగా చర్చిలో ఏడింటి ఆరాధనకి పోయాను. రెండో పాట దాకా బాగానే ఉన్నాను. వాక్యం మొదలవగానే మెడ వాలిపోయింది. పక్కనున్న పెద్దాయన మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. గురక పెట్టానట! యూట్యూబులో చూసుకోవచ్చు కదా అని రాశావు. అదీ చూశాన్రా. ఫోను పొయ్యిగట్టు మీద పెట్టి, వంజరం ముక్కలు వేపుకుంటూ. ప్రార్థనలో కళ్లు మూస్తే చేప మాడింది, తెరిస్తే ప్రార్థన పోయింది.

సెలవు దొరకని ఆదివారం మనకేం కొత్త కాదులే. యేసు తిరిగి లేచిన రోజని మొదటి విశ్వాసులు కూడుకునేవారు గానీ, రోమా రాజ్యంలో అది పనిరోజే. ఒక నియమించుకున్న రోజున వీళ్లు తెల్లారకముందే కూడి పాడుకుంటారని ప్లినీ అనే గవర్నరు చక్రవర్తికి రాశాడు. మన సీ షిఫ్టు వాళ్లలాగే అన్నమాట. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారం సెలవిచ్చాడు, అదీ పట్నాల వాళ్లకే. అదను దాటితే పంట పోతుందని రైతుల్ని వదిలేశాడు. ప్లాంటులో బొగ్గుని కోక్‌గా మార్చే మా కోక్ ఓవెన్లూ అంతే. చల్లారితే లోపలి ఇటుకలు పగులుతాయి. వాటికి ఆదివారమూ లేదు, సంక్రాంతీ లేదు. మన దేశంలో 1890లో బొంబాయి మిల్లు కార్మికులకి ఆదివారం సెలవు సాధించిన లోఖండే అసలు క్రైస్తవుడు కాడు, ఫూలే పెట్టిన సత్యశోధక సమాజం మనిషి. ఈ సంగతి మా పాస్టరుగారికి చెబితే తెగ సంబరపడ్డారు.

ప్లాంటు మీద నాకు కోపం లేదు. కోపమల్లా పాప కోచింగు మీద. ఆదివారం ఎనిమిదికే టెస్టు! ఏ కొలిమి చల్లారిపోతుందని? వెళ్లి అడిగితే, "అందరూ వస్తున్నారు కదండీ" అన్నారు. ర్యాంకు పోతుందని నాకూ టెన్షనే, అబద్ధమెందుకు. మీ చెల్లెలు మాత్రం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం సంస్కారం ఇచ్చే నెల మొదటి ఆదివారం టెస్టు లేదని తేల్చేసింది. నేను ఏదో నసిగాను. "మీరు నిద్రపోతూ అయినా వస్తున్నారు కదా, అది మెలకువగా వస్తుంది" అంది. ఇంకేం మాట్లాడతాను!

వచ్చే నెల మొదటి ఆదివారం నాకు ఆఫ్. శనివారం రాత్రికే దిగిపో. వంజరం ఆరాధన అయ్యాకే వేపుతాం. ఆఫ్ అయినా నా మెడ మీద నాకు నమ్మకం లేదు, పక్కన కూర్చుని పొడవడానికి నువ్వుండాలి.

నీ బావ