గేరాయిల్ తగ్గిందంటే ఎక్కడికి పోయినట్టు?

అంబాజీపేట

చి.ల.సౌ. అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న నువ్వు ఫోన్లో అడిగినదానికి నోటితో జవాబు చెప్పడం కన్నా రాసి పంపడమే మేలనిపించింది. ఫోన్లో చెబితే సగం మీ మొక్కల లోడింగు గోలలో కొట్టుకుపోతుంది. కాగితమైతే బండి డాష్‌బోర్డులో ఆర్‌సీ పక్కన పడుంటుంది, ఆ డ్రైవరు కుర్రాడు కూడా చదువుకుంటాడు.

మీ మొక్కల లోడు బండికి పొద్దున్నే రెండో గేరు పడటం లేదన్నావు. డ్రైవరేమో "గేరాయిల్ తగ్గిందమ్మా, పోయించాను, మళ్ళీ తగ్గింది" అన్నాడన్నావు. గేరు బిగుసుకోవడం కన్నా ఆ "మళ్ళీ తగ్గింది" అన్న మాటే నాకు టెన్షన్ పెట్టింది. ఇంజనాయిల్ అంటే ఎంతో కొంత కాలిపోతుంది, తగ్గడం మామూలే. గేర్‌బాక్సులో నూనె కాలేదేం ఉండదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే. కాబట్టి ముందు ఎంత ఉందో నువ్వే చూడు, తర్వాత ఎక్కడికి పోతోందో చూడు. పొయ్యడం ఆ తర్వాత సంగతి.

ఈ విషయంలో మీ అన్నయ్యని మాత్రం అడక్కు. వాడు టెక్సాస్‌లో నడిపేది ఆటోమేటిక్ పికప్పు. అలాంటి బళ్ళలో డిప్‌స్టిక్, అంటే నూనె మట్టం చూసే పుల్ల, ఉన్నవాటిలో చాలావాటికి ఇంజను వేడెక్కాక, ఆన్‌లో ఉంచే అది తీసి చూస్తారు. ఆ నూనె కూడా వేరు, ఎర్రగా పల్చగా ఉంటుంది. మనది చేత్తో గేర్లు వేసే బండి. బానెట్ ఎత్తితే కనిపించే డిప్‌స్టిక్ ఇంజనుది. గేర్‌బాక్సుకి అలాంటిదేమీ ఉండదు, పెట్టె పక్కన ఒక ప్లగ్గు ఉంటుంది. ఆ కన్నమే కొలత.

బండిని చదునైన చోట పెట్టించు. మీ గేటు ముందు కాలవగట్టు వాలు పనికిరాదు, కాటా దగ్గర సిమెంటు నేల ఉంది చూడు, అక్కడైతే బాగుంటుంది. ఒకవైపు జాకీ వేసి ఎత్తితే లోపల నూనె కూడా ఒరిగిపోయి లెవెల్ తప్పు చూపిస్తుంది. అసలు ఒట్టి జాకీని నమ్మి ఎవ్వరినీ బండి కిందికి దూరనివ్వకు. ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకి రాళ్ళో చెక్కలో అడ్డం పెట్టాలి. తిరిగొచ్చిన బండిని వెంటనే విప్పొద్దు. నూనె చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది, నురగ కట్టి ఉంటుంది. కాసేపు ఆగితే కిందికి దిగుతుంది.

మీ బండికి ఇంకో తలనొప్పి ఉంది. మొక్కల సంచుల్లోంచి ఎర్రమట్టి నీళ్ళు బాడీ చెక్కల సందుల్లోంచి కారి గేర్‌బాక్సు మీద పేరుకుంటాయి. ఆ మట్టి పొరలో కారుతున్న చోటు కనపడదు. అందుకని ముందు డీజిల్లో ముంచిన బ్రష్షుతో ప్లగ్గు చుట్టూ శుభ్రం చేయించు, లేకపోతే విప్పగానే మట్టంతా లోపలికే పోతుంది.

మొదట విప్పేది పక్కనున్న పై ప్లగ్గు. అడుగుది ముట్టుకోవద్దు. కొత్త కుర్రాళ్ళు అడుగుది విప్పేసి నూనెంతా దింపేస్తారు, తర్వాత చూస్తే పైది తుప్పు పట్టి ఊడి రాదు. ఇక పొయ్యడానికి దారుండదు, బండి అక్కడే కూర్చుంటుంది.

పై ప్లగ్గు తీశాక చూపుడు వేలు కన్నంలో పెట్టి కిందికి వంచు. నూనె కన్నం అంచు దాకా ఉంటే సరిపోయినట్టు. వేలు తడవలేదంటే బాగా తగ్గింది. తడిసిన వేలుని బొటనవేలితో రుద్ది ఎండలో చూడు. సన్నటి మెరుపు పొడి కాస్త ఉంటే ఫర్వాలేదు, పళ్ళు అరిగే పొడి అది. గరుగ్గా పలుకులు తగిలితే మాత్రం లోపల ఏదో విరుగుతోంది, పోసినా లాభం లేదు, షెడ్డుకి పంపాల్సిందే. మాడిన వాసన కూడా మంచిది కాదు.

రంగు పాలెక్కువైన టీలా ఉందంటే నీళ్ళు కలిశాయి. ఈ ఒక్కటి మన గోదారి జిల్లాల వాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాలి. గేర్‌బాక్సు పైన చిన్న బ్రీదర్ ఉంటుంది, లోపలి గాలి ఆడటానికి. వేడిగా ఉన్న బండి వరద నీళ్ళలో దిగితే లోపలి గాలి ఒక్కసారి చల్లబడి ముడుచుకుంటుంది, బ్రీదర్‌లోంచీ, నూనె కారకుండా ఆపే సీళ్ళలోంచీ నీళ్ళని లోపలికి లాక్కుంటుంది. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర గోదారి మట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే లంకల కాజ్‌వేలు మునిగినట్టే లెక్క. 2022 జూలైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఏ రోడ్డు ఉందో ఏది లేదో తెలియలేదు మనకి. అలాంటి నీళ్ళలో దిగొచ్చిన బండికి పైన కాస్త నూనె పోసి ఊరుకోకూడదు, మొత్తం దింపి కొత్తది పొయ్యాలి. వెనక ఇరుసు మధ్యనుండే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్‌ది కూడా. మీ బండి సెకండ్ హ్యాండ్ కదా, ఎన్ని వరదలు చూసొచ్చిందో ఎవరికి తెలుసు.

నూనె ఏదంటావా, బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని నూనె రకం రాసి ఉంటుంది. 5 పెద్దది కాబట్టి మంచిదనుకోవద్దు. వెనకాల డిఫరెన్షియల్‌లో పళ్ళు ఒకదాని మీద ఒకటి గట్టిగా రాసుకుంటూ తిరుగుతాయి, దానికి జీఎల్-5 కావాలి. గేర్‌బాక్సులో గేరు మెత్తగా పడటానికి ఇత్తడి రింగులుంటాయి. కొన్ని జీఎల్-5 నూనెల్లో కలిపే గంధకం మందులు ఆ ఇత్తడిని తినేస్తాయి. ఇంకోటి, డ్రైవరు పోయించింది ఏ నంబరో కనుక్కో, చిక్కదనం చెప్పే నంబరు అది. పుస్తకంలో 80డబ్ల్యూ-90 అని ఉంటే, కొట్టువాడు చిక్కటి 140 ఇచ్చాడేమో. అదైతే పొద్దున్నే గేరు బిగుసుకుని, బండి వేడెక్కాక సర్దుకుంటుంది. నాకు ఈ అనుమానమే ఎక్కువగా ఉంది. క్లచ్చి సరిగ్గా విడవకపోయినా ఇలాగే చేస్తుంది, క్లచ్చి ఆయిల్ డబ్బాలో మట్టం కూడా చూడు.

చిక్కటి నూనె కాబట్టి గరాటాతో పని జరగదు. చేతి పంపు దొరుకుతుంది, లేదంటే బానెట్‌లోంచి పొడుగాటి గొట్టం దింపి నెమ్మదిగా పొయ్యాలి. కన్నంలోంచి బయటికి కారడం మొదలైతే ఆపి, ఆ ఎక్కువైంది కారనిచ్చి, ధార ఆగాక కొత్త వాషర్ వేసి ప్లగ్గు బిగించాలి. ఎక్కువ ఉంటే మంచిదేగా అని ఒంపుగా నిలిపి ఇంకాస్త కూరేవాళ్ళున్నారు, ఆ పని చెయ్యనివ్వకు. నురగ కట్టి, సీళ్ళు తన్నుకుని బయటికొస్తుంది. ముందు సీలు పోతే నూనె క్లచ్చి ప్లేటు మీద పడుతుంది, ఆ ఖర్చు మామూలుగా ఉండదు.

కారే చోట్లు మూడే ముఖ్యం. వెనక చక్రాల వైపు పోయే తిరుగుడు కడ్డీ, ప్రొపెల్లర్ షాఫ్ట్, దూరే చోట సీలు, ముందు క్లచ్చి ఉండే పెట్టె (హౌసింగ్) అడుగు, అడుగు ప్లగ్గు వాషరు. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున్నే చుక్కలు ఎక్కడ పడ్డాయో చూడు. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే కొత్త సీలు వేసినా మళ్ళీ కారుతుంది, అందుకని సీలు మార్చకముందే అది విప్పి ఊదించు. దింపిన పాత నూనె డబ్బాలో పట్టి షెడ్డువాడికే ఇచ్చెయ్యండి, కాలవలో పొయ్యొద్దు.

హైదరాబాద్ లోడు ఒప్పుకున్నానన్నావు. అట్ట మీద చుక్కలు చూశాకే ఆ తేదీ ఖాయం చెయ్యి. అల్లుడుగారితో కూడా ఈ మాటే చెప్పు, లోడు వాయిదా పడితే ఆయన కోప్పడతారని ఆగొద్దు. డ్రైవరు పోయించిన డబ్బా ఇంకా ఉంటే దాని మీద నంబరు ఫొటో తీసి పంపు. పిల్లలకి ముద్దులు.

మీ నాన్న